పన్నెండో నియమం ఎక్కడ పోయింది?

పేరు వేయవద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. ఆరు పేజీలుంది. నోటుబుక్కు పేజీల ఫొటోలు కూడా జతచేశారు. మొత్తం వేయడం కుదరదు కాబట్టి సారాంశం చెబుతాను.

ఆవిడకు 43 ఏళ్లు. ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తారు. చదువుకునే రోజుల్లో లెక్కలంటే ప్రాణం. డిగ్రీ అయ్యాక ఉద్యోగం, సంసారం. మళ్లీ అటు చూసే తీరిక దొరకలేదు. తమ్ముడు కంప్యూటర్ సైన్సులో పీహెచ్‌డీ చేస్తున్నాడు, టైప్ థియరీ (రుజువులనూ ప్రోగ్రాములనూ ఒకేలా చూసే శాఖ) అతని రంగం. ఏడాది కిందట ఏదో మాటల మధ్య "అసలు రుజువు అంటే ఏంట్రా? ఇది రుజువు, ఇది కాదు అని ఎవరు తేలుస్తారు?" అని ఈవిడ అడిగారు. తమ్ముడికి హుషారొచ్చింది. ఒక కాగితం మీద పదకొండు నియమాలు రాసిచ్చి, "వీటితో వచ్చిందే రుజువు. ఇవి తప్ప ఇంకేమీ వాడకూడదు" అన్నాడు. అప్పటినుంచి ప్రతి ఆదివారం పొద్దున గంటసేపు ఫోన్లో పాఠం. "వారం మొత్తంలో నా కోసం నేను బతికే గంట అది" అని రాశారు.

మూడు నెలల కిందట తమ్ముడు ఒక లెక్క ఇచ్చాడు. "క, ఖ రెండూ కలిసి నిజం కావు" అన్నది ఇచ్చాం. దాన్నుంచి "క నిజం కాదు, లేదా ఖ నిజం కాదు" అన్నది రాబట్టాలి. గుర్తుల్లో చెప్పాలంటే ¬(క ∧ ఖ) నుంచి ¬క ∨ ¬ఖ (¬ అంటే "కాదు", ∧ అంటే "మరియు", ∨ అంటే "లేదా"). "పది నిమిషాల పని అక్కా" అన్నాడట. ఆ పది నిమిషాలు ఇంకా అవలేదు. ఒకసారి వచ్చేసిందనుకుని ఫొటో పంపితే, ఎనిమిదో లైను చుట్టూ ఎర్ర గీత గీసి "ఈ క నీకు ఎవరిచ్చారు?" అని రాశాడు. ఈ లెక్కే తప్పేమో అని అడిగితే వచ్చిన జవాబు ఇది: "ట్రూత్ టేబుల్ వేసి చూడు. నాలుగు వరుసల్లోనూ నిజమే వస్తుంది. కాబట్టి రుజువు ఉండి తీరాలి. నీకు తట్టడం లేదంతే." (క, ఖలకు నిజం, అబద్ధం అన్ని రకాలుగా పెట్టి చూసే పట్టికే ట్రూత్ టేబుల్.) ఆ తర్వాతి ఆదివారం "ఇంకా అక్కడే ఉన్నావా?" అన్నాడు. అప్పటినుంచి ఆవిడ ఆదివారం ఫోన్ ఎత్తడం లేదు. ఏదో ఒక పని ఉందని మెసేజ్ పెడుతున్నారు.

ఉత్తరం చివర్లో ఇలా ఉంది: "తెలివి ఉన్నవాళ్లకు ఇది వస్తుంది. నాకు మూడు నెలలైనా రాలేదు. అంటే నాకు తెలివి లేదనేగా? ఈ వయసులో ఇదంతా ఎందుకు, మానేయనా? ఇంకో పుస్తకం చూడమన్నాడు తమ్ముడు. అందులో మూడు స్వీకృతాలు, ఒకే ఒక నియమం. 'క అయితే క' అని చెప్పడానికి అందులో ఐదు లైన్లు పట్టింది. అది చూసి ఇంకా టెన్షన్ పట్టుకుంది. పదకొండో నియమం కూడా నాకు మింగుడుపడదు. విరుద్ధత వస్తే అందులోంచి ఏదైనా రాసుకోవచ్చట. అది మోసం కాదా?"

ఉత్తరం కన్నా ముందు మీ నోటుబుక్కు పేజీలే చదివాను. చదివి చాలాసేపు కూర్చున్నాను. అసలు సంగతి ముందే చెప్పేస్తాను, మిగతావన్నీ తర్వాత. మీ తమ్ముడు రాసిచ్చిన పదకొండు నియమాలతో ఆ లెక్క తేలదు. మీకే కాదు, ఎవరికీ తేలదు. ఇంకో ముప్ఫై ఏళ్లు కూర్చున్నా తేలదు. కాగితం మీద ఉండాల్సిన పన్నెండో నియమం లేదు.

మీరు రాసి పంపిన పట్టీ రెండుసార్లు సరిచూశాను. "మరియు"కు మూడు, "లేదా"కు మూడు, "అయితే"కు రెండు, "కాదు"కు రెండు, విరుద్ధత నుంచి ఏదైనా రాబట్టే నియమం ఒకటి. ఇందులో లేనిది రెండు "కాదు"లను కొట్టేసే నియమం, అంటే ¬¬క నుంచి క రాసుకునే వీలు. దాని బదులు "క ∨ ¬క", అంటే ఏ మాటైనా నిజం, లేదా దాని వ్యతిరేకం నిజం అన్న సూత్రాన్ని పెట్టుకున్నా సరిపోయేది. మిగతా పదకొండూ చేతిలో ఉంటే ఈ రెండింటిలో ఏది ఉన్నా రెండోది వచ్చేస్తుంది. మీకు రెండూ లేవు.

ఇది నా మాట మీద నమ్మక్కర్లేదు. మీ ఆఫీసు పనిలోంచే చూపిస్తాను. రెండు వోచర్లున్నాయి. "మొదటి వోచర్ సరైనది" అన్నది క. "రెండో వోచర్ సరైనది" అన్నది ఖ. టోటల్ కలవడం లేదు కాబట్టి రెండూ సరైనవి కావని మీకు ఖాయంగా తెలుసు. ఆడిటర్ వచ్చి "ఏది తప్పు?" అంటాడు. మీరేం చెబుతారు? ఏదో ఒకటి తప్పని చెప్పగలరు. ఫలానాది తప్పు అని వేలు పెట్టి చూపించలేరు.

మీ పదకొండు నియమాల్లో "లేదా" అంటే వేలు పెట్టి చూపించడమే. "ఇది లేదా అది" అనాలంటే రెండింటిలో ఏదో ఒకటి చేతిలో ఉండాలి. "కాదు" అన్న మాటకు కూడా బరువెక్కువ. "మొదటిది సరైనది కాదు" అంటే ఇక మీదట ఏ దారిలో వెళ్లినా అది సరైనదని తేలే అవకాశమే లేదని అర్థం. ఇప్పుడు ఇవాళ్టి పరిస్థితి చూడండి. రేపు ఒక దారిలో బిల్లు దొరికి మొదటి వోచరే సరైనదని తేలవచ్చు. ఇంకో దారిలో రెండోది సరైనదని తేలవచ్చు. ఏ దారిలోనూ రెండూ సరైనవని తేలదు. కాబట్టి ¬(క ∧ ఖ) అని ఇవాళే అనవచ్చు. ¬క అనలేం, మొదటి దారి తెరిచి ఉంది. ¬ఖ అనలేం, రెండో దారి తెరిచి ఉంది. రెండింటిలో ఏదీ అనలేనప్పుడు ¬క ∨ ¬ఖ కూడా అనలేం. మీ పట్టీలోని ఒక్కొక్క నియమాన్నీ తీసుకుని చూడండి. పైవాక్యాలు ఇవాళ అనగలిగినవైతే కింది వాక్యం కూడా ఇవాళ అనగలిగినదే అవుతుంది. పదకొండూ అంతే. అలాంటప్పుడు ఇవాళ అనగలిగిన చోటు నుంచి బయల్దేరి, ఇవాళ అనలేని చోటికి ఆ నియమాలు మిమ్మల్ని ఎలా తీసుకెళ్తాయి? ఈ దారుల పద్ధతిని 1960లలో తర్కవేత్త సాల్ క్రిప్కి పద్ధతిగా రాసిపెట్టాడు. రుజువు లేదని రుజువు చేయడం అంటే ఇదే.

ఇక మీ పేజీల సంగతి. మీరు సిగ్గుపడుతూ పంపిన నాలుగో పేజీ నాకు అన్నింటికన్నా నచ్చింది. మొదటి లైను ¬(క ∧ ఖ). తర్వాత పెట్టె గీసి "క అనుకుందాం" అన్నారు. దాని లోపల ఇంకో పెట్టెలో "ఖ అనుకుందాం" అన్నారు. నాలుగో లైనులో రెండూ కలిపారు, ఐదో లైనులో విరుద్ధత వచ్చింది. లోపలి పెట్టె మూసి ఆరో లైనులో ¬ఖ రాశారు. ఏడో లైనులో దాన్నుంచి ¬క ∨ ¬ఖ రాశారు. ఇంతవరకు ఒక్క పొరపాటు లేదు. ఎనిమిదో లైనులో అదే వాక్యాన్ని బయటి పెట్టె బయటికి తెచ్చుకున్నారు. ఎర్ర గీత పడింది అక్కడే. పెట్టెలో ఉన్నంతసేపే క మీది. బయటికి తెచ్చుకోగలిగింది "క అయితే ¬క ∨ ¬ఖ" అన్నది మాత్రమే.

మీ తమ్ముడు గీత గీసి వదిలేశాడు. ఇంకో నిమిషం ఉండి ఉంటే బాగుండేది. ఎందుకంటే "క కాదు అయితే ¬క ∨ ¬ఖ" అన్నది ఒకే అడుగులో వస్తుంది, "లేదా"కు ఎడమవైపు ¬క పెట్టుకోవడమేగా. అంటే క ఉంటే పని జరుగుతుంది, క లేకపోయినా పని జరుగుతుంది. మీకు కావాల్సింది ఒక్కటే: ఈ రెండు సందర్భాలు తప్ప మూడోది లేదన్న హామీ. అదే "క ∨ ¬క". పన్నెండో నియమం ఎక్కడ ఉండాలో సరిగ్గా ఆ ఖాళీలోనే మీరు కాలు వేశారు. మీ తప్పు ఆ ఖాళీ ఆకారంలోనే ఉంది.

చివరి పేజీ ఇంకా ఆశ్చర్యం. పందొమ్మిది లైన్లు, నాలుగు చోట్ల పెట్టెలో పెట్టె. చివరి లైను ¬¬(¬క ∨ ¬ఖ). దాని కింద "ఇక్కడే ఆగిపోయాను" అని రాసి రెండుసార్లు గీత గీశారు. (ఇది పదమూడు లైన్లలో కూడా వస్తుంది. ¬ఖ రాగానే దాన్ని "లేదా"లో పెట్టేస్తే చాలు. తర్వాత సరదాగా ప్రయత్నించండి.) మీరు ఆగింది గోడ దగ్గర. మామూలు తర్కంలో రుజువయ్యే ఏ వాక్యానికైనా ముందు రెండు "కాదు"లు తగిలిస్తే, అది పన్నెండో నియమం లేకుండానే రుజువవుతుందని 1929లో గ్లివెంకో చూపించాడు. ఇలాంటి వాక్యాలకు, అంటే "అన్నీ", "కొన్ని" లేని వాటికి, అది వర్తిస్తుంది. మీ పందొమ్మిది లైన్లు ఆ సిద్ధాంతానికి ఒక ఉదాహరణ. ఆ పదకొండు నియమాలతో ఎంత దగ్గరికి వెళ్లవచ్చో అంత దగ్గరికీ వెళ్లారు.

ఇప్పుడు మీరు రాసిన ఆ మూడు వాక్యాలకు వస్తాను. "తెలివి ఉన్నవాళ్లకు వస్తుంది, నాకు రాలేదు, కాబట్టి తెలివి లేదు." ఇందులో మీ అనుమితికి వంక పెట్టలేం. దాని పేరు మోడస్ టోలెన్స్. "ఇది అయితే అది", "అది కాదు", "కాబట్టి ఇది కాదు". నిఖార్సయిన నియమం. చెడింది మొదటి వాక్యం. తెలివి ఉన్నవాళ్లకు ఆ కాగితంతో అది రాదు. రాని పనిని రావాలని పెట్టుకుని, అక్కడినుంచి తప్పులేని దారిలో నడిచి, మీ గురించి ఒక అబద్ధం దగ్గర తేలారు. నియమాలు నిజాన్ని తయారు చేయవు. పైన నిజం పోస్తేనే కింద నిజం వస్తుంది.

తమ్ముడి మాటలో కూడా ఇలాంటి చిక్కే ఉంది. ట్రూత్ టేబుల్‌లో అన్ని వరుసల్లోనూ నిజమైతే రుజువు ఉండి తీరుతుందన్నది ఉత్త మాట కాదు, 1921లో ఎమిల్ పోస్ట్ రుజువు చేసిన సంగతి. "అన్నీ", "కొన్ని" అనే మాటలున్న తర్కానికి దానికి సాటి సిద్ధాంతాన్ని గోడెల్ 1929లో తన డాక్టరేట్ కోసం రాశాడు. కానీ ఆ హామీ నియమాల పట్టీ మొత్తానికి ఇచ్చింది. ఒక నియమం తీసేస్తే హామీ కూడా పోతుంది. మీ తమ్ముడు ఇచ్చిన కాగితం ఒక తర్కానిది, వేసిన ట్రూత్ టేబుల్ ఇంకో తర్కానిది. రెండు పడవల మీద చెరో కాలు వేశాడు. కావాలని చేశాడని నేననుకోను. టైప్ థియరీలో పన్నెండో నియమం లేకపోవడం మామూలే. రోజూ వాడే పట్టీని అలవాటుగా రాసిచ్చి ఉంటాడు. వాదించేటప్పుడు మాత్రం కాలేజీలో నేర్చుకున్న ట్రూత్ టేబుల్ నోటికొచ్చింది. తన రంగంలో ఉన్నవాడు కాబట్టే అది కనబడలేదు. ముక్కు మీద కళ్లజోడు పెట్టుకుని ఇల్లంతా వెతకడం లాంటిది.

ఈ పన్నెండో నియమం మీద గొడవలు మీ ఇంట్లో మొదలవలేదు. 1908లోనే డచ్ గణితజ్ఞుడు బ్రౌవర్ దాన్ని నమ్మలేమన్నాడు. గణితజ్ఞుడి దగ్గర దాన్ని లాక్కోవడం అంటే ఖగోళ శాస్త్రజ్ఞుడి దగ్గర టెలిస్కోపు, బాక్సర్ దగ్గర పిడికిళ్లు లాక్కోవడమేనని 1927లో జర్మన్ గణితజ్ఞుడు హిల్బర్ట్ మండిపడ్డాడు. మరుసటి ఏడాది ఆ ఇద్దరి తగువు ఒక పెద్ద గణిత పత్రిక సంపాదకవర్గాన్నే చీల్చింది, బ్రౌవర్‌ను బయటికి పంపారు. ఆ వర్గంలోనే ఉన్న ఐన్‌స్టీన్ దాన్ని కప్పలకూ ఎలుకలకూ జరిగిన యుద్ధం అని వెక్కిరించాడు. అంత పెద్దవాళ్లు పత్రికలు చీల్చుకున్న చోట మీరు ఆదివారం ఫోన్ మాత్రమే ఆపేశారు.

ముందు ఏం చేయాలన్నది మీ ఇష్టం. దేనికి ఏం జరుగుతుందో మాత్రం చెప్పగలను.

పన్నెండో నియమాన్ని కాగితం మీద చేర్చేసుకోవచ్చు. అలా చేస్తే ఈ సాయంత్రమే మీ లెక్క అయిపోతుంది, అదీ రెండు రకాలుగా. నాలుగో పేజీకి "క ∨ ¬క" తగిలిస్తే ఒక రుజువు, చివరి పేజీలో రెండు "కాదు"లు కొట్టేస్తే ఇంకోటి. 1934, 35లలో గెర్హార్డ్ గెంట్జెన్ ఈ నేచురల్ డిడక్షన్ పద్ధతిని ప్రచురించినప్పుడు సరిగ్గా ఇదే చేశాడు. ముందు మీ దగ్గరున్న లాంటి పట్టీ ఇచ్చాడు. మామూలు గణితానికి కావాలంటే దానికి "క ∨ ¬క" చేర్చుకోమన్నాడు. (మీరు గీసే పెట్టెలు మాత్రం గెంట్జెన్‌వి కావు. పోలండ్‌లో యాష్కోవ్‌స్కి 1920లలోనే విడిగా కనిపెట్టాడు, తన పద్ధతిని 1934లో ప్రచురించాడు.) చేర్చుకుంటే మామూలు పుస్తకాల్లోని లెక్కలన్నీ మీకు అందుతాయి. దానికి మూల్యం కూడా ఉంది. మీ రుజువు "ఏదో ఒక వోచర్ తప్పు" అని తేలుస్తుంది, ఆడిటర్ ప్రశ్నకు మాత్రం జవాబివ్వదు.

చేర్చుకోకుండా కూడా ఉండవచ్చు. అప్పుడు మీ ప్రతి రుజువూ ఏదో ఒకటి చేతిలో పెడుతుంది. "లేదా" అంటే రెండింటిలో ఏది నిజమో చెబుతుంది, "ఉంది" అంటే తీసి చూపిస్తుంది. మీ తమ్ముడి రంగమంతా దీని మీదే నిలబడింది, అక్కడ రుజువుకూ ప్రోగ్రాముకూ తేడా లేదు. కానీ పాఠ్యపుస్తకంలో సులువుగా కనిపించే లెక్కలు కొన్ని మీ దగ్గర మొండికేస్తాయి. ప్రతిసారీ "ఇది నాకు రావడం లేదా, అసలు రాదా?" అన్న అనుమానం వెంటాడుతుంది. ఆ అనుమానం వచ్చినప్పుడు వోచర్ల దారులు గీసి చూడడం అలవాటు చేసుకుంటేనే ఈ దారిలో మనశ్శాంతి ఉంటుంది.

మూడు స్వీకృతాల పుస్తకం మాత్రం ఇప్పుడు వద్దని నాకనిపిస్తోంది. అది చెడ్డదని కాదు. ఆ పద్ధతి రుజువులు రాయడానికి అంత అనువైనది కాదు, రుజువుల గురించి రుజువు చేయడానికి పనికొస్తుంది. నియమం ఒక్కటే ఉంటే చూసుకోవాల్సిన సందర్భాలు కూడా తక్కువేగా. మీరు భయపడ్డ ఐదు లైన్లలో మూడు లైన్లు స్వీకృతాల నుంచి ఎత్తి రాసినవి, రెండు మోడస్ పోనెన్స్‌తో ("ఇది అయితే అది", "ఇది" రెండూ ఉంటే "అది" రాసుకునే ఆ ఒకే ఒక నియమంతో) వచ్చినవి. మీ పద్ధతిలో అదే పని: పెట్టె గీసి "క అనుకుందాం" అంటారు, పెట్టె మూసి "క → క" అంటారు. అయిపోయింది. మీకు ఊరికే దొరుకుతున్న ఆ పెట్టె మూయడాన్ని, ఆ పుస్తకంలో ఒక సిద్ధాంతంగా విడిగా రుజువు చేసుకోవాలి. దానికి డిడక్షన్ థియరం అని పేరు. ఆ పుస్తకం ముందు పెట్టుకుని ఎవరైనా తమ తెలివిని కొలుచుకుంటే, కొలబద్ద తప్పు.

ఇంకో దారి కూడా ఉంది. లీన్, రాక్ లాంటి రుజువు సరిచూసే సాఫ్ట్‌వేర్లున్నాయి. పెట్టె బయటికి క తెచ్చుకుంటే ఆ క్షణమే పట్టుకుంటుంది. పట్టుకుని "ఇంకా అక్కడే ఉన్నావా?" అనదు, అది పెద్ద సుఖం. లీన్‌లో మీ రుజువు ఏ స్వీకృతాల మీద నిలబడిందో అడిగితే చెబుతుంది కూడా. పన్నెండో నియమం దొంగచాటుగా దూరిందా లేదా అన్నది అలా బయటపడుతుంది. ఇబ్బంది ఏమిటంటే, ఇలాంటి చిన్న లెక్కల్ని ఒక్క మాటతో ముగించే కమాండ్లు అందులో ఉన్నాయి. చెయ్యి ఊరుకోదు. అవి వాడటం మొదలుపెడితే లెక్కలు అవుతాయి, మీకు మాత్రం ఏమీ మిగలదు. దానికి తోడు మొదటి రెండు వారాలు తర్కంతో కాకుండా ఇన్‌స్టలేషన్‌తో కుస్తీ పట్టాల్సి వస్తుంది.

"తట్టడం" గురించి కూడా ఒక మాట. ఇచ్చిన రుజువు సరైనదా కాదా చూడటం యంత్రం చేసే పని, లైను లైనూ నియమంతో పోల్చుకుంటూ పోవడమే. రుజువును కనుక్కోవడం వేరు. నియమం "ఇలా వెళ్లవచ్చు" అంటుంది, "ఇలా వెళ్లు" అనదు. ట్రూత్ టేబుల్ కూడా రెండు అక్షరాలకు నాలుగు వరుసలే, ఇరవై అక్షరాలకు 10,48,576 వరుసలు. "అన్నీ", "కొన్ని" వచ్చి చేరాయా, ఇక రుజువు ఉందో లేదో ప్రతిసారీ తేల్చిచెప్పే యాంత్రిక పద్ధతి ఉండనే ఉండదని 1936లో చర్చ్, ట్యూరింగ్ విడివిడిగా తేల్చారు. కాబట్టి తట్టకపోవడం ఈ పనిలో భాగమే. తట్టేలా చేసుకోవడానికి నాకు తెలిసింది ఒకటే: కింది నుంచి పైకి రాయడం. ముగింపు వాక్యాన్ని పేజీ అడుగున రాయండి. అందులో వాక్యమంతటినీ కలిపే ప్రధాన గుర్తు ఏదో చూడండి. "అయితే" ఉంటే పెట్టె గీయండి, "కాదు" ఉన్నా పెట్టె గీయండి, "మరియు" ఉంటే రెండు పనులుగా విడగొట్టండి. "లేదా" ఉంటే మాత్రం తొందరపడకండి, అది చివరిదాకా ఆగాల్సిన గుర్తు. మీ పేజీల్లో ఎక్కువ కొట్టివేతలున్నది "లేదా"ను ముందే విడగొట్టిన చోట్లే.

పదకొండో నియమం మోసమా అన్నారు. "క లేదా ఖ" తెలుసు, "క కాదు" తెలుసు, కాబట్టి ఖ. ఇది మోసమని మీరు అనరు కదా? దీన్ని మీ నియమాలతో రాసి చూడండి. "లేదా" ఉంది కాబట్టి రెండు పెట్టెలు, రెండింటిలోనూ ఖ తేలాలి. ఖ ఉన్న పెట్టెలో చేయాల్సిందేమీ లేదు. క ఉన్న పెట్టెలో క, ¬క ఢీకొని విరుద్ధత వస్తుంది. ఆ దారి మూసుకుపోయిందని మీకు తెలుసు, కానీ నియమం అక్కడ కూడా ఖ రాయమంటుంది. ఆ ఖ రాసుకోనిచ్చేదే పదకొండో నియమం. మూసుకుపోయిన దారిలో ఏ బోర్డు పెట్టినా అటు వెళ్లేవాడు ఎవడూ లేడు. అయినా మనసొప్పకపోతే మీరు ఒంటరి కారు. 1937లో యొహాన్సన్ అది కూడా తీసేసి పది నియమాల తర్కం ఒకటి రాశాడు. కాకపోతే ఇప్పుడు చెప్పిన ఈ మామూలు వాదన కూడా అందులో రాదు. నాకైతే అంత త్యాగం అవసరమనిపించదు.

ఇక తమ్ముడు. ఈ సంగతి అతనికి ఎలా చెప్పాలన్నది మీరు అడగలేదు, కానీ ఉత్తరంలో లెక్క కన్నా ఎక్కువ నొప్పి అక్కడే కనిపించింది. నేరుగా "నువ్విచ్చిన కాగితంలో నియమం తక్కువ" అని చెప్పేయవచ్చు. రెండు నిమిషాల్లో ఒప్పుకుంటాడు, బహుశా నవ్వేసి "అయ్యో, అవును కదా" అంటాడు. మీ మూడు నెలలు ఆ "అయ్యో"లో కొట్టుకుపోతే మీకు కోపం రావచ్చు, దానికి సిద్ధంగా ఉండండి. లేదా "ఒకసారి ఈ పదకొండుతో నువ్వే చేసి చూపించరా" అని అడగవచ్చు. పది నిమిషాల పని అన్నాడు కదా. అతనికి తనంతట తానే తెలుస్తుంది, అది గట్టిగా గుర్తుంటుంది కూడా. కానీ జవాబు తెలిసి అడిగారని తర్వాత తెలిస్తే ఉచ్చు పన్నినట్టు అనిపించవచ్చు. ఇంకో పద్ధతి, నాకు ఎక్కువ నచ్చింది: వోచర్ల బొమ్మ గీయండి. కింద ఒక చుక్క ఇవాళ, దాన్నుంచి రెండు గీతలు, ఒకదాని కొస క, ఇంకోదాని కొస ఖ. పక్కనే మీ పందొమ్మిది లైన్లు పెట్టి ఫొటో పంపండి, కింద ఏమీ రాయకండి. అతని రంగం వాడికి ఆ బొమ్మ చాలు. అప్పుడు మాట్లాడుకునేది ఎవరు తప్పన్న దాని గురించి కాకుండా, ఏ తర్కంలో ఉందామన్న దాని గురించి అవుతుంది. "ఇంకా అక్కడే ఉన్నావా?" అన్న మాట మిమ్మల్ని కోసిందన్నది మాత్రం బొమ్మలో కనబడదు. అది చెప్పాలనుకుంటే నోటితోనే చెప్పాలి.

మానేస్తానంటే మానేయవచ్చు. తర్కం రాకపోయినా జీవితం నడుస్తుంది, నడుస్తోంది. తీరిక లేదనో, ఆసక్తి పోయిందనో మానేస్తే నాకు ఏ అభ్యంతరమూ లేదు. "నాకు తెలివి లేదు" అన్న ముగింపుతో మాత్రం మానకండి, దాని పైవాక్యం అబద్ధమని ఇప్పుడే చూశాం కదా.

మానకపోతే, వచ్చే ఆదివారం లోపు ఒకటి చేసి చూడండి. మూడు "కాదు"లు ఒక "కాదు"తో సమానం: ¬¬¬క నుంచి ¬క. దీనికి పన్నెండో నియమం అక్కర్లేదు, మీ పదకొండులోనే ఉంది. నేనే చేసి చూశాను కాబట్టి ఈసారి రాదేమోనన్న అనుమానం పెట్టుకోకండి. మొదటి లైను ¬¬¬క. పేజీ అడుగున ¬క. ముగింపులో "కాదు" ఉంది కాబట్టి పెట్టె గీసి, రెండో లైనులో "క అనుకుందాం" అని రాయండి. ఆ పెట్టె లోపల ఇంకో పెట్టె కావాలి. అందులో ఏం అనుకోవాలో నేను చెప్పను.